నార ప్రెస్సు జాగా

రండమ్మా, రండి. ఆ చాప ఇలా లాక్కుని దగ్గరగా కూర్చోండి. గాలి వీధి వైపు కొడుతోంది, గొంతు పెంచితే మాట బయటికి పోతుంది. బయటికి పోవలసిన మాటే ఇది. కాని ముందు మీ చెవిన పడాలి.

ఘటం ఆగలేదు.

అసిరితల్లి పండగ రోజుల్లో అమ్మవారి ఘటం ఊరంతా తిరుగుతుంది, మీకు తెలియనిదేముంది. గుమ్మం గుమ్మం ముందూ ఆగుతుంది. ఇల్లాలు ఘటం మోసే మనిషి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, చేటతో బియ్యం తెచ్చి జోలెలో పోస్తుంది. మేడ ముందూ ఆగుతుంది, తాటాకు గుడిసె ముందూ ఆగుతుంది. చావు మైల పట్టిన ఇంటిని ఒక్కదాన్నే దాటిపోతుంది.

తవిటమ్మ ఇంట్లో ఈ ఏడు ఎవరూ చావలేదు. అయినా దాటిపోయింది.

పొద్దున్నే తలంటు పోసుకుని, గడపకి పసుపు రాసి, ఇత్తడి చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది ఆవిడ. డప్పులు దగ్గరికి వచ్చాయి. పక్కింటి ముందు ఆగాయి. ఆ ఇంటావిడ నీళ్ళు పోసింది, బియ్యం పోసింది. తవిటమ్మ ఒక మెట్టు దిగింది. డప్పులు కదిలాయి, ఆవిడ ముందు నుంచే నడిచాయి, ఎదురింటి దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఆగాయి.

ఘటం వెనక వేపమండ పట్టుకుని నడుస్తున్నది ఎవరనుకున్నారు? ఆవిడ ఒడిలో పెరిగిన తమ్ముడు, సూరయ్య. అక్క గుమ్మం దాటేవరకూ వాడు తల ఎత్తలేదు. వేపమండ మీద చూపు పెట్టుకుని, గుడ్డివాడు గోడ పట్టుకుని నడిచినట్టు నడిచిపోయాడు.

చెంబులో నీళ్ళు చెంబులోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ పోయాలో ఆవిడకి తోచలేదు. ఒకరి కోసం కలిపిన పసుపునీళ్ళు తిరిగి నూతిలో పొయ్యకూడదు, కాలవలో పొయ్యకూడదు. అలాగే లోపలికి తెచ్చి వంటింటి మూల పెట్టింది.

వసారాలో ఆవిడ పెనిమిటి గంగరాజు గోనెసంచులు మడతలు పెడుతున్నాడు. సంచులూ తాళ్ళూ అమ్మే దుకాణం అతనిది. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడకి బావే. ఆ వార్డుకి కౌన్సిలరు కూడాను. ఎన్నికల్లో నార ప్రెస్సు వీధి వాళ్ళే అతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. ఆ భుజాల్లో ఒకటి సూరయ్యది.

"ఆగనేదా?" అన్నాడు, సంచి మీంచి చూపు తిప్పకుండా.

"ఆగనేదు."

"పోన్లే."

"ఏటి పోన్లే బావా? మైలింటిని దాటినట్టు దాటీసినారు. మనింట్లో ఈ యేడు సచ్చినోలు ఎవులు?"

గంగరాజు మడత పెట్టిన సంచి పక్కన పెట్టాడు. ఇంకో సంచి తీసుకున్నాడు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, పోయిన వారం మునిసిపాలిటీ మీటింగులో అతను ఎత్తిన చెయ్యి వల్ల వచ్చింది. గోగునార బేళ్ళు కట్టే ప్రెస్సు మూతబడి మూడు సంక్రాంతులు వెళ్ళిపోయాయి. షావుకారు నరసింగరావు కలకత్తా వెళ్ళి కూర్చున్నాడు. ఆ ప్రెస్సు జాగా మునిసిపాలిటీ తీసుకుని, ఊళ్ళో దొడ్లెత్తే పాకీ బళ్ళన్నీ అక్కడ పెట్టాలనీ, వెనక ఎరువు గుంటలు తవ్వాలనీ, బళ్ళు లాగేవాళ్ళకి ఇళ్ళు కట్టాలనీ తీర్మానం. ప్రెస్సు వీధి ఓటుతో గెలిచిన గంగరాజు దానికి సరేనని చెయ్యెత్తాడు. మర్నాటి నుంచి ఆ వీధి మనిషి ఇతని దుకాణం మెట్టెక్కలేదు. ఘటం మోసేదీ ఆ వీధి వాళ్ళే.

తవిటమ్మ పుట్టిల్లు ఆ ప్రెస్సు గోడకి ఆనుకునే ఉంది. తల్లి జగ్గమ్మ, తమ్ముడు సూరయ్య ఉండేది అక్కడే.

మరి ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. పండగ ఆఖరి రోజు అనుపు. అమ్మవారిని సాగనంపే రోజు. ఆ లోపల అన్నో తమ్ముడో ఆడపడుచు ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, పండక్కి రమ్మని పిలవాలి. పిలిస్తే వెళ్ళాలి. పిలవకపోతే పుట్టింటి గడప తొక్కకూడదు, మళ్ళీ ఏడు పండగ దాకా తొక్కకూడదు. చావుకైనా వీధిలోనే నిలబడాలి తప్ప లోపలికి పోకూడదు. జగ్గమ్మ చూస్తే ఎండాకాలపు నీటిబొట్టులా ఉంది. మళ్ళీ ఏడు పండగ దాకా ఉంటుందని ఎవరు చెప్పగలరు?

అందుకే తవిటమ్మ ఆ మధ్యాహ్నం మొగుడికి చోడి అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టి, లేచి వెళ్ళకుండా ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు సెయ్యెత్తినావో నాకు సెప్పు. నాకు సదువు నేదు. సెప్తే ఇంటాను."

గంగరాజు అంబలి తాగడం ముగించాడు. తర్వాత మునిసిపాలిటీ ప్లాను కాయితం తెచ్చి పరిచాడు. నీలం రంగు గీతలు తప్ప ఆవిడకి ఏమీ కనబడలేదు. అది అర్థమయి కాయితం చుట్టేశాడు. చింతపండు జాడీ పక్కన ఎండబెట్టిన చింతపిక్కలు గుప్పెడు తెచ్చి నేలమీద ఊరు పరిచాడు. ఇది బజారు. ఇది కాలవ. ఇది పెద్దాసుపత్రి. ఇది మన ఇల్లు.

ఊళ్ళో ఒకప్పుడు ఎన్ని ఫేక్టరీ జాగాలుండేవో చూపించాడు. బియ్యం మిల్లు ఉండేది, దాన్లో సినిమా హాలు వచ్చింది. నూనె గానుగ ఉండేది, వైశ్యుల గోదాములు వచ్చాయి. తోళ్ళ షెడ్డు ఉండేది, బస్సుల కంపెనీ కొనుక్కుంది. డబ్బున్నవాళ్ళు తలా ఒకటి తీసుకుంటూ పోయారు. ఒక్కో మాటకీ ఒక్కో పిక్క తీసి పక్కన పెట్టాడు. చివరికి నేలమీద ఒక్కటి మిగిలింది.

"ఊరన్నాక నోరొకటీ పొట్టొకటీ ఉంటే సాలదే. పేగులు గూడా ఉండాల. అయి పెట్టడానికి మిగిల్నాది ఈ జాగా ఒక్కటే."

పాకీ బళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాయో ఆవిడకి తెలుసు. కాలవ గట్టు మీద. అక్కడే కడుగుతారు. ఆ నీళ్ళే కిందకి వచ్చి నూతుల్లో ఊరతాయి. ముందటేడు వానాకాలం వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఊళ్ళో ఎందరో పోయారు, వాళ్ళలో గంగరాజు తల్లి ఒకత్తె. పొద్దున్న వాకిలి ఊడ్చిన మనిషి పొద్దుగూకేసరికి లేదు. పాడెకి ముందు పక్క భుజం పట్టింది సూరయ్యే.

అతను తల్లి పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర లేదు. 

తవిటమ్మ ఆ పిక్కల ఊరిని చాలాసేపు చూసింది.

"మా యమ్మ ఇల్లు ఏ పిక్క బావా?"

గంగరాజు చేతిలో పిక్కలు ఇంకా ఉన్నాయి. కాని ప్రెస్సు పిక్క పక్కన అతను ఏమీ పెట్టలేదు. ఇప్పుడు ఒకటి తీసి పెట్టబోయి, ఆగిపోయాడు.

"ఆ ఈది మాటేటన్నారు మీటింగులో?" అంది మళ్ళీ.

అతను చెప్పడానికి ఇష్టపడలేదు. ఆవిడ కదల్లేదు. చివరికి గోడకేసి చూస్తూ చెప్పాడు. ఎవరో కౌన్సిలరు లేచి ఆ వీధి వాళ్ళ సంగతేమిటని అడిగాడట. గోగునార కుళ్ళబెట్టిన కంపులో పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళకి ముక్కులు ఎప్పుడో పోయాయి అన్నాడట ఛైర్మను. అందరూ నవ్వారట.

"నువ్వో?"

గంగరాజు నవ్వానని అనలేదు. నవ్వలేదనీ అనలేదు. 

చేతిలో పిక్కలు వదిలి దగ్గరికి జరిగాడు. ఇంకోటి ఉంది, ఎవరికీ చెప్పకూడదు అన్నాడు. ప్రెస్సు ఇంక తెరవరు. షావుకారు ఇనుమంతా తూకానికి అమ్మేశాడు. అనుపు వెళ్ళిన మర్నాడు లారీలు వచ్చి మరలు విప్పి తీసుకుపోతాయి. అవి ఊరు దాటేదాకా మాట పొక్కకూడదని ఛైర్మను గట్టిగా చెప్పాడు.

"ఆ మాట సూరికి సెప్పీ బావా. కంపు తెచ్చినావని తిడతన్నారు గానీ, ప్రెస్సే పోయిందని తెలిస్తే నీ మీద ఇంత కోపం ఎందుకుంటాది?"

"సెప్తే ఏటవుతాదో తెల్దా నీకు? లారీల ముందు అడ్డంగా పడుకుంటారు. పోలీసులొస్తారు. ముందు పడుకునీది ఎవుడు?"

 సూరయ్య వీపు ఆవిడ కళ్ళ ముందుకు వచ్చింది. చిన్నప్పుడు ఆ వీపుకి తనే వేపాకు నూరి రాసేది, అమ్మవారు పోసినప్పుడు.

"తిట్లు నాను పడతాను. దెబ్బలు ఆడు తినకూడదు. నీ నోట్లోంచి రాకూడదే తవిటీ," అన్నాడు గంగరాజు. ఆవిడ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నేలమీద పిక్కలు ఏరి గుప్పిట్లో పట్టుకుని లేచింది.

ఆ తర్వాత రోజులు ఎలా వెళ్ళాయంటారా. ఇంట్లో ఇద్దరు మనుషులున్నా ఒకరి అడుగుల చప్పుడు ఒకరు వినేటంత నిశ్శబ్దం. గంగరాజు పొద్దున్నే వెళ్ళి గిరాకీ లేని దుకాణంలో కూర్చునేవాడు. ఎవరూ రారని తెలుసు, అయినా తలుపులు తీసేవాడు. నూతి దగ్గర ఆడవాళ్ళు తవిటమ్మని చూసి మాట ఆపేసేవారు. తిట్టినా బాగుండును. తిట్టేవాళ్ళకి ఒక జవాబు చెప్పవచ్చు. వాళ్ళు చేదకి దారి ఇచ్చి పక్కకి నిలబడేవారు, పై ఊరి నుంచి వచ్చిన మనిషికి ఇచ్చినట్టు.

నరసన్నపేటలో ఇచ్చిన కూతురు పద్మకుమారికి పురిటి నెలలు. రమ్మనడానికి లేదు, వెళ్ళడానికి లేదు. కొత్త చింతపండు ఒలిచేటప్పుడు పక్కన కూర్చుని ఒలిచే మనిషి లేదు. ఆవిడ ఒక్కత్తే ఒలిచి, పిక్కలూ పండూ కలిపేసి, మళ్ళీ ఏరుకునేది. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, తమ్ముడేమోనని చెయ్యి కడుక్కునేది. పాలవాడో, ఎదురింటి వాళ్ళ చుట్టమో అయ్యేది. మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఆ ఇంటికి మానకుండా వచ్చిన మనిషి ఒక్కత్తే. గున్నమ్మ. పాకీ బండి మనిషి. వీధి గుమ్మంలోంచి కాదు, దొడ్డి గుమ్మంలోంచి. ఎప్పుడూ వచ్చేది అటు నుంచే. ఎన్నో ఏళ్ళుగా వస్తోంది కాని, తవిటమ్మ ఆ మనిషి మొహం సరిగా చూసింది ఆ వారంలోనే. ముక్కుకి రెండు పక్కలా పుడకలు. నవ్వితే ముందు పన్ను లేదు.

ఆ రోజు తవిటమ్మ దొడ్డిలో నిలబడి, మాట కోసం మొహం వాచి ఉంది కాబట్టి, ఏం గున్నమ్మా, ఆ ప్రెస్సు జాగాలోకి వెళ్ళడం మీకు ఇష్టమేనా అని అడిగింది.

గున్నమ్మ బుట్ట దించి నడుం పట్టుకుంది. తమని ఎక్కడ ఉంటారని అడిగిన మనిషి పుట్టిన దగ్గర్నుంచి నువ్వే తల్లీ అంది. అక్కడ కుళాయి పెడతారని చెప్పారట. కుళాయి ఉంటే పని అయ్యాక ఒళ్ళు కడుక్కుని అన్నం తినొచ్చు. కాలవ దగ్గరైతే మొగాళ్ళు వెళ్ళిపోయేదాకా కూర్చోవాలి. ఆ సరికి ఆకలి చచ్చిపోతుంది. అంతకుమించి ఆ జాగా మీద ఆశా లేదు, పంతమూ లేదు.

"మీ తమ్ముడోళ్ళు మా బళ్ళు కంపని గోల సేస్తన్నారు. నవ్వొస్తాది తల్లీ. ఆ కంపు మాదేటి? మీరిచ్చిందే గదా మేం మోసీది."

తవిటమ్మకి నవ్వొచ్చింది. ఎన్ని రోజుల తర్వాతో వచ్చిన నవ్వు. నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గున్నమ్మ చూడనట్టు బుట్ట ఎత్తుకుంది. ఎత్తుకుని ఒక అడుగు వేసి ఆగి, మీ అమ్మ మంచం దిగడం లేదని ఆ వీధిలో అనుకుంటుంటే విన్నానని చెప్పింది. అన్నం ముద్ద పెడితే పక్కకి తోసేస్తోందిట, తవిటి వచ్చిందా అని అడుగుతోందిట.

మర్నాడే అనుపు. ఇంకా పిలుపు రాలేదు.

తవిటమ్మ పొయ్యి మీద పెట్టిన ఎసరు దించేసింది. చీర కొంగు సర్దుకుని బయల్దేరింది. పిలవని గడప తొక్కకూడదు, సరే. కాని ప్రెస్సు జాగా ఎవరి గడపా కాదు. అక్కడ నిలబడితే గోడ మీంచి తల్లి పెరడు కనబడుతుంది. మంచం ఆ వేళకి వేపచెట్టు నీడలోకి వాలుస్తారు. దూరం నుంచి చూసి వచ్చేస్తే ఏ ఆనవాయితీకీ తప్పు లేదు.

వైశాఖం ఎండ. గేటుకి తాళం ఉంది కాని పక్కన గోడ కూలిన చోట మేకల దారి ఉంది. ఆవిడ అలా దూరి లోపలికి వెళ్ళింది. ఒకప్పుడు నాన్నకి గిన్నెలో అన్నం పట్టుకుని వచ్చేది ఇక్కడికే. అప్పుడు నార ఆరేసిన దండేల మధ్య నడవడానికి దారి ఉండేది కాదు. దుమ్మూ, కేకలూ, మర దిగే చప్పుడూ. ఇప్పుడు పల్లేరుకాయలు. పిట్ట ఎగిరినా రెక్కల చప్పుడు వినబడింది.

పెరటి వైపు వెళ్ళబోతుంటే షెడ్డులోంచి కిర్రుమని చిన్న చప్పుడైంది.

సూరయ్య లోపల ఉన్నాడు. గోచీ బిగించుకుని, చొక్కా విప్పి, ప్రెస్సు పెద్ద మర మీదకి ఎక్కి కూర్చున్నాడు. మనిషి ఎత్తుకి రెండింతలుండే ఇనప మర అది. అది దిగితేనే బేలు బిగిసేది. దాన్ని నడిపిన మేస్త్రీ వాడు. చేతిలో కొబ్బరిచిప్ప, చిప్పలో ఆముదం. ఈకతో ముంచి మర గాడిలో రాస్తున్నాడు. ఒక చుట్టు రాసి, దిగి, చేత్తో మరని ఇంత తిప్పి, మళ్ళీ ఎక్కుతున్నాడు.

మర నల్లగా మెరుస్తోంది. ఆ షెడ్డులో తక్కినవన్నీ తుప్పే.

అక్కని చూసి వాడు దిగలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు.

"మూతబడిపోయినదానికి ఆముదం ఏట్రా?" అంది తవిటమ్మ.

"ఇనుం పడుకుంటే తుప్పట్టీద్ది అప్పా."

అక్కని చిన్నప్పటిలాగే అప్పా అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆవిడ పక్కన ఉన్న తూకం రాయి మీద కూర్చుండిపోయింది.

వాడు చెప్పుకొచ్చాడు, ఈక ఆపకుండా. ప్రెస్సు మూసిన దగ్గర్నుంచి పనివాళ్ళు వంతులు వేసుకున్నారు. ఒక్కో వారం ఒక్కో ఇంటి ఆముదం. కాపలావాడికి తెలుసు, చూడనట్టుంటాడు. రేపు షావుకారు దిగి ప్రెస్సు తెరవమంటే, మర పట్టేసింది, బాగుచెయ్యడానికి ఆర్నెల్లు పడుతుంది అని ఎవడూ అనకూడదు. తాళం తీసిన పూటే బేలు కట్టి చూపించాలి. ఈ వారం వంతు సూరయ్యది. ఇంట్లో ఆముదం తల్లిది తప్ప లేదు.

"అమ్మ తలకి రాసుకోడం మానీసినాది. ఎందుకే అంటే మరకే ఎయ్యరా, నా తలకేటి అంటాది."

తవిటమ్మ గోడ మీంచి చూసింది. పెరట్లో మంచం ఉంది. మంచం మీద దుప్పటి కింద ఏదో చిన్న ఆకారం. తల మాత్రం కనబడుతోంది, చింపిరిగా, ఎండిన పీచులా.

"నువ్వనుకుంటన్నావు కంపు కోసం ఏడస్తన్నామని," అన్నాడు సూరయ్య. "గోగునార నీళ్ళలో పుట్టినోన్ని, నాకు కంపేటప్పా. ఈ జాగా కాళీగా ఉన్నంతకాలం షావుకారు తిరిగొస్తాడు. ఇందులో ఒక్క బండి ఎట్టినా, ఒక్క గొయ్యి తవ్వినా ఇంక రాడు. బావకి అది తెల్దా? తెలిసే సేసినాడా?"

ఇనుం అమ్మేశారన్న మాట ఆవిడ నాలుక చివరి దాకా వచ్చింది.  కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఎండకి దగ్గు వచ్చినట్టు.

సూరయ్య మర దిగాడు. చేతులు గోచీ గుడ్డకి తుడుచుకున్నాడు. పండగ అని పనివాళ్ళు మర నుదుటి మీద, ఎత్తుగా, పసుపు రాసి కుంకం పెట్టారు. వాడు ఆ కుంకం కొంచెం వేలితో తీశాడు. అక్క ముందుకి వచ్చి నిలబడ్డాడు. వాడి మొహం ఎర్రగా ఉంది, పెద్దవాళ్ళ ముందు తప్పు ఒప్పుకునే పిల్లాడి మొహంలా.

"మీ ఇంటికొచ్చి పిలవనేను అప్పా. ఈది ఒప్పుకోదు. ఘటం కాడ నీ మొకం సూడనేకపోయినాను, రెండు రాత్రులు నిద్రట్టనేదు. ఇక్కడ పిలిస్తే ఈదికేటి తెలుస్తాది. రేపు పండక్కి రా."

బొట్టు పెట్టాడు. ఆముదం వాసన వేసే వేలు. ఆ వేలు ఆవిడ నుదుటి మీద ఒక్క క్షణం ఎక్కువగానే ఆగింది.

ఇన్ని రోజులూ దేనికోసం చెప్పుల చప్పుడు విని చెయ్యి కడుక్కుందో, అది దొరికింది. రేపు తల్లి మంచం పక్కన కూర్చోవచ్చు. ముద్ద కలిపి నోట్లో పెట్టవచ్చు. ఊఁ అని లేచి వెళ్ళిపోతే చాలు. ఎల్లుండి లారీలు వస్తాయి, వచ్చినప్పుడు చూసుకోవచ్చు. తనకేమీ తెలియదని ప్రమాణం చేసినా నమ్ముతాడు వాడు.

సూరయ్య అప్పటికే చిప్ప అందుకుని మళ్ళీ మర ఎక్కుతున్నాడు. ఎక్కుతూ, ఏదో గుర్తొచ్చినట్టు, తేలిగ్గా అడిగాడు.

"బావ ఏటైనా అన్నాడేటి, షావుకారు గురించి?"

తవిటమ్మ మరని చూసింది. ఎంత బాగా రాశాడు వాడు. ఒక్క గాడి కూడా వదల్లేదు. పిల్లకి తల దువ్వినట్టు రాశాడు. మళ్ళీ గోడవతల చూసింది. దుప్పటి కదిలింది, చింపిరి తల ఇటు తిరిగింది, కళ్ళు ఇంత దూరం ఆనవని తెలుసు కాని ఇటే చూస్తున్నట్టుంది.

వీడికి లేదని చెప్పాలి. అవునని చెప్పకూడదు. గంగరాజు చెప్పిన మాట చెవిలో ఉంది. లారీలు, లాఠీలు, ముందు పడుకునేవాడు. నోరు మూసుకుంటే తమ్ముడి వీపు దక్కుతుంది, తల్లి మంచం దక్కుతుంది. కాని వాడు ఈకని మళ్ళీ ముంచాడు. చిప్పలో అడుగున ఉన్నది కొంచెమే. దాన్ని వంచి, ఆఖరి బొట్టు దాకా వంచి, ముంచాడు.

"సూరీ," అంది.  "ఆ ఉన్న ఆముదం అమ్మ తలకి రాయరా."

ఈక గాలిలో ఆగిపోయింది.

వాడు ఏమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. ఈక చివర నుంచి ఒక బొట్టు జారి కింద దుమ్ములో పడింది, నల్లటి మచ్చ అయింది. వాడి చూపు అక్క మొహం మీంచి మర మీదకి వెళ్ళింది, మర మొదట నుంచి చివరి దాకా మెల్లగా వెళ్ళింది, మళ్ళీ అక్క మొహానికి వచ్చింది. ఈ మర ఇంక దిగదని వాడికి తెలిసిపోయింది. 

ఇంకో మాట అంటే ఏమవుతుందోనని తవిటమ్మ లేచింది. లేచి నిలబడింది కాని, కాళ్ళు ఎటు వెళ్ళాలో తెలియలేదు. వెనక, మర మీద మనిషి దిగిన చప్పుడు లేదు. ఎక్కిన చప్పుడూ లేదు. గోడ కూలిన చోటు దాకా నడిచింది, అక్కడ ఆగింది, పిలుస్తాడేమోనని. వెళ్ళిపొమ్మన్నా వాడి గొంతే కదా. ఏదీ వినబడలేదు. ఎండ మాత్రం ఉంది.

నుదుటి బొట్టు చెమటకి కరిగి కనుబొమ మీదకి జారుతోంది. తుడుచుకుంటే పిలుపు పోతుందేమో. ఉంచుకుంటే, పిలిచినవాడు ఇంకా పిలిచినట్టేనా? చెయ్యి ఎత్తి, నుదుటి దాకా తెచ్చి, తాకకుండానే దించేసింది.

ఇంతే అమ్మా, ఈ పూటకి. ఇంటికెళ్ళి మీ వాళ్ళకి ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు గంగరాజుది తప్పనో, సూరయ్యది తప్పనో మొదలుపెట్టకండి, వాళ్ళ వైపు వాదించడానికి ఊళ్ళో మనుషులున్నారు. ఆ ఎండలో కూలిన గోడ దగ్గర ఎటూ అడుగు వెయ్యలేక నిలబడ్డ మనిషిని గుర్తుపెట్టుకోండి. ఆవిడ పేరు తవిటమ్మ. ఆ పేరు మరిచిపోకుండా చెప్పండి.